నా గడ్డం నేనే పట్టుకున్న రోజులు

మత్తు డాక్టరు కుర్చీ ఎప్పుడూ రోగి తల దగ్గరే ఉంటుంది. సర్జన్ కడుపు దగ్గర నిలబడవచ్చు, కాలి దగ్గర నిలబడవచ్చు. కీర్తి ఎక్కడ దొరికితే అతడు అక్కడ నిలబడతాడు. మా స్థానం మాత్రం మారదు. కార్డిఫ్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో నా ఉద్యోగ జీవితమంతా ఆ కుర్చీలోనే గడిచింది. నేను ఎంతమందిని నిద్రపుచ్చానో లెక్క పెట్టుకోలేదు. వారిలో ఏ ఒక్కరు నిద్రిస్తున్నప్పుడూ నేను కునుకు తీయలేదని మాత్రం చెప్పగలను. ఈ వృత్తిలో ఇద్దరిలో ఒకరు మేలుకొని ఉండి తీరాలి. ఆ ఒకరు ఎవరన్న దానిలో సందేహానికి తావు లేదు.

ఈ సంగతి ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, పదవీ విరమణ చేసిన కొన్నేళ్ళకు, సిగరెట్టు మానడం కోసం నన్ను నేనే నిద్రపుచ్చుకోవలసిన అవసరం వచ్చింది. ఊరందరినీ నిద్రపుచ్చినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను. లెక్కే అయింది.

అంతటికీ మూలం కుడి మోకాలు. అది అరిగిపోయి, మెట్లెక్కడం నా వల్ల కాకుండా పోయింది. ఈ దేశంలో ఇళ్ళను నిలువుగా కడతారు. కింద వంటగది, ముందుగది. పైన పడకగదులు, వాటి పక్కన నా పుస్తకాల గది. మోకాలు మొరాయించిన నాటినుంచి నేను ముందుగదిలో సోఫాను మంచంగా విప్పుకొని కిందే ఉండిపోయాను. నా భార్య ఎప్పటిలాగే పైన పడుకునేది. ఒకే ఇంట్లో ఉంటూ, మెట్ల మీదుగా కేకలు వేసుకొని సంసారం చేసే దంపతులమయ్యాం.

పడక మారినందుకు నాకు పెద్ద విచారం లేదు. విచారమంతా పుస్తకాల గది గురించే. అందులో ప్రతి పుస్తకానికీ ఒక స్థానం ఉంది. ముందు నిఘంటువులు, తరువాత వ్యాకరణాలు, ఆపైన కావ్యాలు, చరిత్ర, చివరన వైద్యం. దీపం వేయకుండా చేయి చాపినా కావలసిన సంపుటమే చేతికి తగిలేది. నేను కిందికి దిగిన కొద్ది రోజులకే పైనుంచి శబ్దాలు మొదలయ్యాయి. బరువైన పుస్తకం చెక్క మీద జరిగినప్పుడు వచ్చే శబ్దం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

"ఏం చేస్తున్నావక్కడ?" అని కింద నుంచి అడిగాను.

"దుమ్ము దులుపుతున్నానండీ!"

"దుమ్ము దులపడానికి పుస్తకాన్ని జరపనవసరం లేదు!"

"పుస్తకం కిందున్న దుమ్ము పుస్తకం జరపకుండా ఎట్లా పోతుందండీ?"

నా భార్య ఇక్కడి సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయింది. ఆమెతో తర్కానికి దిగినవారు మిగిలిన శేషంతో ఇంటికి పోవలసిందే. కాసేపటికి పైనుంచి మరో మాట వినబడింది. "ఏమండీ, ఈ పుస్తకాలన్నీ ఎత్తుల వారీగా పెడితే గది ఎంత బావుంటుందో తెలుసా? ఒకటి ఇంతెత్తు, దాని పక్కన ఇంకోటి అంతెత్తు, చూడ్డానికి కాస్త కూడా పద్ధతిగా లేవు."

నా పుస్తకాలకు పద్ధతి లేదనే మాటను జీవితంలో మొదటిసారి విన్నాను. లేచి వెళ్ళి ఆపుదామంటే మొదటి మెట్టు దగ్గరే మోకాలు తన అభిప్రాయం చెప్పింది. ఆపరేషన్ ఎంత త్వరగా జరిగితే అంత మంచిదని ఆ రోజే నిశ్చయించుకున్నాను. ఆలస్యమయ్యే కొద్దీ పైన ఒక్కో అరా చేయి జారిపోతోంది.

ఇక సిగరెట్టు సంగతి. నేను విచ్చలవిడిగా కాల్చే మనిషిని కాను. ఉదయం కాఫీ తరువాత ఒకటి, మధ్యాహ్న భోజనం తరువాత ఒకటి, సాయంత్రం టీ తరువాత ఒకటి, రాత్రి భోజనమయ్యాక ఒకటి. వేళతోపాటు చోటు కూడా నిర్ణీతమే: పెరట్లో, ఇక్కడి మునిసిపాలిటీ అయిన కౌన్సిల్ వారి చెత్తడబ్బాల పక్కన, చూరు కింద, వాన తగలని కాస్త జాగా. "మీ నాన్న సిగరెట్లు కూడా రోటా ప్రకారమే డ్యూటీకి వస్తాయి" అని నా భార్య మా అమ్మాయితో ఫోనులో చెబుతుంటే విన్నాను. ఆమె ఎగతాళికే అన్నది గాని, నేను దాన్ని మెప్పుగానే స్వీకరించాను.

ఆపరేషన్‌కు ముందు జరిపే పరీక్షల కోసం ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ కూర్చున్న మత్తు డాక్టరు ఒకప్పటి నా శిష్యురాలు. కడప వైపు అమ్మాయి. ఈ దేశానికి వచ్చిన కొత్తలో నా పక్కన నిలబడి పని నేర్చుకుంది. ఇప్పుడు తానే కన్సల్టెంట్. నన్ను చూడగానే లేచి నమస్కారం చేసింది. మళ్ళీ కూర్చున్నాక మాత్రం ఒక్క ప్రశ్న కూడా వదిలిపెట్టలేదు. ఆ అలవాటు నేను నేర్పిందే.

"సిగరెట్లు ఏమన్నా ఉండాయా సార్?"

"క్రమబద్ధంగా," అన్నాను.

ఆమె చేతిలో పెన్ను ఆగింది. "అంటే, ఇంకా తాగుతా ఉండారా సార్?"

"వేళ తప్పి ఒక్కటి కూడా కాల్చను."

"సార్, ఇట్లాంటి రూములోనే కదా మీరు పేషెంట్లను కూర్చోబెట్టి చెప్తా ఉన్నింది. మీ పక్కన నిలబడి విన్నా నేను. ఒకాయన అచ్చం ఇదే మాట చెప్తే, నీ ఊపిరితిత్తులు గడియారం చూసుకోవయ్యా అని ఆయన్ను ఎట్ల తగులుకున్నారో నాకింకా గుర్తుండాది."

"ఆయనది వేరే కేసు."

"పేషెంట్లందరూ అదే చెప్తారు సార్." ఆమె నవ్వింది గాని, పెన్ను కింద పెట్టలేదు. "వచ్చే నెల మళ్ళా పిలుస్తా. ఊపిరిలో పొగ ఎంతుందో చెప్పే మిషన్లో ఊదిపిస్తా. మానేసింటే డేట్ ఇస్తాం. లేకుంటే సర్జరీ పోస్ట్‌పోన్ చేపిస్తా. తప్పుగా అనుకోవద్దండి సార్."

"నా శిష్యురాలివై ఉండి నాకే..."

"అందుకే కదా సార్."

ఇంటికి వచ్చి విషయం చెబితే నా భార్య సానుభూతి చూపలేదు. "ఆ పిల్లను మీరు బాగా తయారు చేశారు" అని, టీ తీసుకొని పైకి వెళ్ళిపోయింది. కొంతసేపటికి చెక్క మీద మళ్ళీ ఏదో జరిగింది. ఈసారి ఆ శబ్దం వ్యాకరణాల వైపు నుంచి వచ్చింది.

చర్మానికి అతికించే పట్టీలు తెచ్చుకున్నాను. దురద పుట్టి, చేయంతా ఎర్రబడింది. చూయింగ్ గమ్ ప్రయత్నించాను. నలుగురిలో కూర్చొని నెమరు వేయడం నా వయసుకు తగిన పని కాదు. అప్పుడు లీడ్స్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఫోనుకు ఒక ఆడియో పంపింది. సెల్ఫ్ హిప్నాసిస్ అట. కళ్ళు మూసుకొని వింటే మనసు ఒక విధమైన అర్ధనిద్రలోకి జారుతుందనీ, ఆ స్థితిలో మనం మనకు చెప్పుకున్న మాట లోపలికి దిగుతుందనీ చెప్పింది. ఆమెకు తెలుగు పూర్తిగా అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది.

"మంత్రాలకు చింతకాయలు రాల్చే వ్యవహారం కాదు కదా?" అన్నాను.

"ఇట్స్ నాట్ మ్యాజిక్, నాన్నా. జస్ట్ లిజన్, ఓకే?"

విన్నాను. ఒక స్త్రీ కంఠం, మీరిప్పుడు ఒక సముద్రతీరంలో హాయిగా పడుకొని ఉన్నారు, అన్నది. మా కార్డిఫ్ చుట్టుపక్కల సముద్రతీరాలు నాకు తెలుసు. జనం అక్కడికి వెళ్ళి, కోట్లు బిగించుకొని, గాలికి ఆగలేక కారులో కూర్చొని శాండ్‌విచ్‌లు తిని ఇంటికి వస్తారు. చెప్పినది చెప్పినట్టు చేయడం నా అలవాటు కనుక, ఆ తీరాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఊహించాను. కొంతసేపటికి చలివేసి, లేచి స్వెటర్ తొడుక్కున్నాను. పోనీ మచిలీపట్నం తీరాన్ని తలచుకుందామంటే, అక్కడి నల్లటి బురద, ఉక్కపోత గుర్తుకు వచ్చి అదే స్వెటర్ విప్పవలసి వచ్చింది.

లోపం పద్ధతిలో లేదు, పాఠంలో ఉందని నిర్ధారించుకొని, నా పాఠం నేనే తయారు చేసుకున్నాను. శుద్ధమైన తెలుగులో రాసి, ఫోనులో రికార్డు చేసి, వంటగదిలో నా భార్యకు వినిపించాను. "ధూమపానమను దురభ్యాసమును తక్షణమే విసర్జించవలసినదిగా మిమ్ములను ఇందుమూలముగా కోరడమైనది" అని నా కంఠం గంభీరంగా పలికింది.

ఆమె బెండకాయలు తరగడం ఆపి, "ఇది హిప్నాటిజమా, తాసీల్దారు నోటీసా?" అన్నది. "కింద ముద్ర కూడా వేసి తలుపుకు అంటించండి."

"స్పష్టంగా ఉండాలని రాశాను."

"స్పష్టంగానే ఉంది. జప్తు చేసేదెప్పుడో ఒక్కటే చెప్పలేదు. అయినా మిమ్మల్ని మీరే మీరు మీరు అనుకోవడమేవిటండీ? నువ్వు అనుకోవచ్చుగా?"

"నాతో నేను అంత చనువుగా ఎప్పుడూ లేను."

ఆమె నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకొని, బెండకాయలు పక్కకు నెట్టి, నా పక్కన కూర్చొని పాఠం మార్చింది. ఇందుమూలముగాలన్నీ పోయాయి. కనురెప్పలు బరువెక్కుతున్నాయి, భుజాలు వదులవుతున్నాయి, ఊపిరి నెమ్మదిస్తోంది, పొగ మీద ఇక మనసు పోదు. ఇలాంటి చిన్నచిన్న మాటలు మిగిలాయి. ‘మీరు’ మాత్రం ఉండనిచ్చాను.

మరునాడు మధ్యాహ్నం సోఫా మీద వెల్లకిలా పడుకొని ఫోనులో ఆ పాఠం పెట్టుకున్నాను. కనురెప్పలు నిజంగానే బరువెక్కాయి. భుజాలు వదులయ్యాయి. లోపల ఏదో మెల్లగా కిందికి జారుతున్నట్టు తోచింది. సరిగ్గా ఆ క్షణంలో ఎవరో నా దవడ కింద వేళ్ళు పెట్టి గట్టిగా పైకి ఎత్తారు. ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను. ఆ చేయి నాదే.

మా పని తెలియనివారికి దీన్ని కొంచెం వివరించాలి. మనిషి మత్తులోకి జారగానే కండరాలన్నీ వదులైపోతాయి. నాలుక వెనక్కి పడి, గాలి పోయే దారికి అడ్డం వస్తుంది. అందుకే రోగి కళ్ళు మూసిన మరుక్షణం మా చేయి అతడి దవడను అందుకొని పైకి ఎత్తి పట్టుకుంటుంది. ఇది ఆలోచించి చేసే పని కాదు. ఏళ్ళ తరబడి చేయగా చేయగా, కళ్ళు వాలుతున్న మనిషి కనబడితే చేయే వెళ్ళిపోతుంది. బస్సులో కునికేవారి పక్కన కూర్చున్నప్పుడు నేను చేతులు కట్టుకొని కూర్చునేది అందుకే. ఇప్పుడు ఆ కునికేవాణ్ణి నేనే అయ్యాను. చేతికి ఆ భేదం తెలియలేదు.

ఒక చేతిని తొడ కింద పెట్టుకొని మళ్ళీ ప్రయత్నించాను. రెండో చేయి వచ్చింది. రెండు చేతులనూ శాలువాలో బిగించి చుట్టుకున్నాను. అప్పుడు చేతుల అవసరం లేకుండా గడ్డం తనంతట తానే పైకి లేచి, కప్పు వైపు చూసింది. దానికి తోడు, ఊపిరి నెమ్మదిస్తోంది అని ఫోను అనగానే, ఎంత నెమ్మదిగా అని లోపలి డాక్టరు అడిగేవాడు. ఊపిరి నెమ్మదించడం సెల్ఫ్ హిప్నాసిస్ వారికి శుభవార్త కావచ్చు. నా కుర్చీలో కూర్చున్నవాడికి కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం నా భార్య టీతో గదిలోకి వచ్చింది. శాలువా సగం ఊడి, కళ్ళు మూసుకొని, నా గడ్డం నేనే పట్టుకొని ఉన్నాను.

"అయ్యో, మానెయ్యి నాయనా అని మీ గడ్డం మీరే పట్టుకుని బతిమాలుకుంటున్నారా?"

"శ్వాసమార్గం కాపాడుతున్నాను," అన్నాను, కళ్ళు తెరవకుండానే.

"మంచిదేగా. మరి మీరు ఒప్పుకున్నారా?"

ఒప్పుకోలేదు. టీ తాగిన వెంటనే కర్ర పట్టుకొని చెత్తడబ్బాల దగ్గరకు నడిచాను. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళవలసిన రోజు దగ్గర పడుతోంది. ఊదితే మిషన్ ఏం చెబుతుందో నాకు తెలుసు. శిష్యురాలు ఏం రాస్తుందో కూడా తెలుసు. ఆ రాత్రి భోజనాల దగ్గర నా భార్య మామూలు వార్తలా చెప్పింది. "కావ్యాలు పొట్టివండీ. కింది అరకు వచ్చేశాయి. మీ డిక్షనరీల ఎత్తుకు సరిపోయేది ఇంట్లో ఒక్కటే దొరికింది, నా వంటల పుస్తకం."

 ఆమె కళ్ళల్లో కొంటెతనం ఉందో లేదో ఆవకాయ కలుపుకోవడంలో కనిపెట్టలేకపోయాను.

తరువాతి రోజు టీ వేళ ఆమె ఉన్నట్టుండి ఒక ప్రశ్న వేసింది. "ఏమండీ, ఎన్నాళ్ళనుంచో అడగాలనుకుంటున్నా. గంటల తరబడి ఆపరేషన్ జరుగుతుంటే, మధ్యలో మీరు బాత్రూంకు వెళ్ళాల్సొస్తే ఏం చేసేవాళ్ళు?"

"ఇంకో మత్తు డాక్టరును పిలిచేవాణ్ణి."

"పిలిచి, వెళ్ళిపోయేవాళ్ళా?"

"అలా ఎలా వెళతాం? హ్యాండోవర్ ఇవ్వాలి. పేషెంటు ఎవరు, ఏ మందు ఎంత ఇచ్చాం, దేని మీద కన్నేసి ఉంచాలి, అన్నీ అప్పజెప్పాలి. అవతలి మనిషి, సరే, నేను చూసుకుంటాను, అని నోటితో అనాలి. అన్న తరువాతే తల దగ్గర నుంచి కదలాలి."

"అనకపోతే?"

"కదలకూడదు."

ఆమె కప్పు కింద పెట్టింది. "మరి ఇప్పుడీ పేషెంటును ఎవరికి అప్పజెప్పి పడుకుంటున్నారు?"

  రోగి, వైద్యుడు ఒకే సోఫా మీద ఉన్నారు. రోగి కళ్ళు మూసినప్పుడల్లా వైద్యుడు కర్తవ్యం కొద్దీ లేచి కూర్చుంటున్నాడు. అతడిని ఎవరూ విడుదల చేయలేదు.

ఆమె భోజనాల బల్ల దగ్గర నుంచి ఒక కుర్చీ లాక్కొచ్చి సోఫాకు నా తల వైపు వేసుకొని కూర్చుంది.

"నీకు ఈ పనిలో అర్హత లేదు," అన్నాను.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ గురక వింటున్నాను. ఆగితే లేచి కూర్చుంటాను, మళ్ళీ మొదలైతే పడుకుంటాను. నా కంటే అర్హత ఎవరికుందండీ?"

ఇది కాదనలేని అనుభవం. నేను వెల్లకిలా పడుకొని, కప్పు వైపు చూస్తూ, ఆపరేషన్ థియేటర్లో మాట్లాడే కంఠంతో హ్యాండోవర్ మొదలుపెట్టాను. "పేషెంటు పురుషుడు. డెబ్బై దాటింది. కుడి మోకాలు అరిగింది. బీపీకి మాత్రలు వేసుకుంటాడు. అలర్జీలు లేవు."

"ఉన్నాయి. సలహాలు పడవు."

"పేషెంటు తల దగ్గర అలా మాట్లాడకూడదు."

"సరే, చెప్పండి."

"ఊపిరి నెమ్మదిస్తే కంగారు పడనవసరం లేదు. గడ్డం పట్టుకోవడానికి చేయి పైకి వస్తే, తీసి పక్కన పెట్టు. అంతే." ఒక్క క్షణం ఆగి, "ఇప్పుడు నువ్వు అనాలి," అన్నాను.

ఆమె వెంటనే అనలేదు. "మన పెళ్ళి అప్పగింతల్లో మా నాన్న నా చేతులు పాలల్లో ముంచి మీ వాళ్ళందరికీ అప్పజెప్పారు గుర్తుందా? అందరూ చేతులు తుడుచుకున్నారుగానీ, సరే చూసుకుంటాం అని ఒక్కరన్నా గట్టిగా అన్నారా?"

"ఆ విచారణ తరువాత పెట్టుకుందాం. నా కళ్ళు వాలుతున్నాయి."

"సరే," అన్నదామె. గొంతులో ఎగతాళి లేదు. "నేను చూసుకుంటాను."

ఆ తరువాత జరిగినది నిద్ర కాదు. వీధిలో వెళ్ళే వ్యాను చప్పుడు వినబడుతూనే ఉంది. ఫోనులో నా కంఠం వినబడింది. కాని, ఎక్స్‌రే తీసేటప్పుడు మేము తొడుక్కునే బరువైన సీసపు ఏప్రన్‌ను ఎవరో నా భుజాల మీద నుంచి విప్పి తీసినట్టయింది. చేయి ఒకసారి పైకి వచ్చినట్టు, మెత్తటి చేయి దాన్ని అందుకొని కిందికి దించినట్టు లీలగా తెలుసు. కళ్ళ ముందు సముద్రం లేదు. పని ముగించుకొని, టోపీ తీసేసి, ఆసుపత్రి వెనక తలుపు నుంచి బయటి గాలిలోకి నడుస్తున్నాను. అక్కడ ఎప్పుడూ ఒక సిగరెట్టు వెలిగించేవాణ్ణి. డ్యూటీ దిగానని నాకు నేను చెప్పుకోవడానికి వేరే మార్గం తెలియక కాబోలు. ఆ రోజు వెలిగించకుండానే డ్యూటీ దిగాను.

కళ్ళు తెరిచేసరికి టీ చల్లారి, మీగడ కట్టింది. ఆమె అదే కుర్చీలో ఉంది.

"రికార్డింగ్ పూర్తిగా విన్నానా?" అన్నాను.

"ఎక్కడ? ఆ గొంతు మరీ హెడ్మాస్టరులా ఉందని మధ్యలో ఆపేశాను. మిగతాది నేనే చెప్పాను."

"ఏం చెప్పావు?"

"అవసరమైనవే."

ఆ సాయంత్రం కాళ్ళు అలవాటు చొప్పున పెరట్లోకి తీసుకువెళ్ళాయి. చూరు కింద నిలబడి, సిగరెట్టు తీసి వేళ్ళ మధ్య పెట్టుకొని, చాలాసేపు చూశాను. సెలవు రోజున పొరపాటున ఆసుపత్రికి వచ్చినవాడిలా అనిపించింది. ఎవరూ పిలవలేదు, చేయవలసిన పని కూడా లేదు. దాన్ని పెట్టెలో పెట్టేసి లోపలికి వచ్చాను.

ఒక్క దెబ్బతో అంతా అయిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. మధ్యాహ్నపు సిగరెట్టు, రాత్రి సిగరెట్టు మర్యాదగానే తప్పుకున్నాయి. ఉదయం కాఫీ తరువాతది మాత్రం సీనియర్ ఉద్యోగిలా కుర్చీ వదలలేదు. రోజూ హ్యాండోవర్, రోజూ ఆ కుర్చీ. మా అమ్మాయి ఫోను చేసి అంతా విని, "దట్స్ నాట్ సెల్ఫ్ హిప్నాసిస్, నాన్నా. దట్స్ అమ్మ," అన్నది. శాస్త్రీయంగా ఆమె మాటే సరైనది. దాంతో నాకు పట్టుదల వచ్చింది. నేను ఒంటరిగా చేసి చూపిస్తానన్నాను.

నా భార్య సరుకులకని ఉదయమే బయటకు వెళ్ళిన రోజు ఆ అవకాశం దొరికింది. కాఫీ అయింది. లోపల పీకడం మొదలయింది. సోఫా మీద పడుకొని, ఖాళీ కుర్చీకి హ్యాండోవర్ అంతా శ్రద్ధగా చెప్పాను. కుర్చీ ఏమీ అనలేదు. చేయి గడ్డానికి వెళ్ళింది. రెండోసారి ఇంకా వివరంగా, బీపీ మాత్రల పేర్లతో సహా చెప్పాను. కుర్చీ కుర్చీలాగే ఉంది. నా రెండో చేయి అప్పటికే జేబులో పెట్టె కోసం తడుముతోంది. విధిలేక నా భార్యకు ఫోను చేశాను.

"ఏవిటండీ? సూపర్‌మార్కెట్లో ఉన్నాను."

"పేషెంటు పురుషుడు," అన్నాను. "డెబ్బై దాటింది."

 వెనక ట్రాలీల చప్పుడు. "మోకాలు కుడిదేనా?"

"కుడిదే."

"అలర్జీలు అవే కదా?"

"అవే."

"సరే!" అని ఆమె గట్టిగా అన్నది. "నేను చూసుకుంటాను!" ఆ కేకకు క్యాబేజీల దగ్గర నిలబడిన ఒక వెల్ష్ పెద్దావిడ ఉలిక్కిపడి, తనతోనే అన్నారనుకొని, ఇక్కడివారి ముద్దు పిలుపుతో, థ్యాంక్యూ లవ్, అన్నదట. ఈ ముక్క ఇంటికి వచ్చాక తెలిసింది. ఫోనులో నాకు వినబడింది ఆ ఒక్క మాటే. అదే సరిపోయింది. కళ్ళు వాలాయి, చేయి కదలలేదు. ఆమె తిరిగి వచ్చేసరికి నేను పెరట్లో చెత్తడబ్బాల ముందు నిలబడి ఉన్నాను. సిగరెట్లన్నీ మామూలు చెత్తలోకి, అట్టపెట్టె రీసైక్లింగ్‌లోకి వేసి, లోపలి వెండికాగితం ఎందులో వేయాలో తెలియక కౌన్సిల్ వారి సూచనలు చదువుతున్నాను.

"ఏ డబ్బా అయితే ఏవిటండీ, పడేయండి," అన్నదామె.

"మానడం మానడమే. పద్ధతి పద్ధతే," అన్నాను.

అటుపైన ఆమె లేనప్పుడు కూడా కళ్ళు మూసుకొని మనసులోనే అప్పజెప్పి, ఆ క్యాబేజీల దగ్గరి కేకను తలచుకునేవాణ్ణి. అది చాలేది. దీన్ని సెల్ఫ్ హిప్నాసిస్ అనవచ్చని మా అమ్మాయి కూడా అయిష్టంగా ఒప్పుకుంది.

ఆసుపత్రిలో శిష్యురాలు చిన్న మిషన్ నా నోటికి అందించింది. ఊపిరి బిగబట్టి ఊదాను. ఆమె అంకె చూసి, మిషన్ దులిపి, మళ్ళీ ఊదమన్నది. గురువును అంత తేలికగా నమ్మకపోవడం మంచి శిష్యరికం. రెండోసారి కూడా అదే అంకె వచ్చింది.

"ఎట్ల మానినారు సార్?"

చెప్పాను. గడ్డం సంగతి, కుర్చీ సంగతి, క్యాబేజీల సంగతి. ఆమె నవ్వుతూనే ఆపరేషన్‌కు తేదీ రాసింది. "అయితే మేడమ్ గారిని కూడా థియేటర్ రోటాలో వేసేదా సార్?"

ఆ రోజు రానే వచ్చింది. నేను పడుకున్న బల్లకు తల వైపు శిష్యురాలు కూర్చుంది. ఎన్నో ఏళ్ళు నేను కూర్చున్న వైపు. బల్ల మీద నుంచి కప్పును చూడటం నాకు అదే మొదటిసారి. పెయింట్ ఒక మూల పెచ్చులూడి ఉంది. సంబంధించిన వారికి చెప్పమని సూచించాను. ఏ మందు ముందు ఇవ్వాలో కూడా చెప్పబోతుండగా, నా చేయి దుప్పటి కింద నుంచి బయటికి వచ్చి గడ్డం వైపు బయలుదేరింది. ఆమె దాన్ని మధ్యలోనే అందుకొని మెల్లగా కిందికి దించింది.

"చెయ్యి సార్. ముందు హ్యాండోవర్ ఇయ్యండి."

"పేషెంటు పురుషుడు," అన్నాను. "డెబ్బై దాటింది. పొగ తాగడు."

"సరే సార్. నేను చూసుకుంటా."

కొత్త మోకాలితో మెట్లెక్కడానికి చాలా రోజుల వ్యాయామం పట్టింది. ఎక్కిన రోజు నా భార్య వెనకే వచ్చింది, చేయి నా వీపుకు తగలకుండా, అవసరమైతే తగిలేంత దూరంలో ఉంచి. పుస్తకాల గది తలుపు తీశాను. ఆమె కొంటెగా అనలేదు, నిజంగానే చేసింది. నేల దగ్గర కావ్యాలు, వాటి పైన వైద్యంలో కలిసిపోయిన చరిత్ర, అన్నిటికీ పైన, నిఘంటువు మొదటి సంపుటానికీ రెండో సంపుటానికీ మధ్య, నూనె మరకలతో వంటల పుస్తకం. ఎడమ నుంచి కుడికి చూస్తే ఎక్కడా ఎగుడుదిగుడు లేదు, నున్నటి వాలు.

నాకు కోపం వస్తుందని ఎదురుచూశాను. గుమ్మంలో నిలబడి దానికి తగినంత వ్యవధి కూడా ఇచ్చాను. రాలేదు.

అనుమానం వచ్చింది. "నిజం చెప్పు. మొదటి రోజు ఆ కుర్చీలో కూర్చొని రికార్డింగ్ ఆపాక నాకేం చెప్పావు?"

"చెప్పానుగా, అవసరమైనవే."

"పుస్తకాల విషయం అందులో ఉందా?"

"హిప్నాటిజంలో మనిషికి ఇష్టంలేని పని చేయించడం ఎవరి వల్లా కాదని మీరేగా చెప్పారు?" అని, నేను ఆ వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకునేలోగా ఆమె మెట్లు దిగింది. "టీ పెడుతున్నాను, మెల్లగా దిగి రండి!"

ఒంటరిగా మిగిలాను. టీ వేళ. జేబులోకి వెళ్ళిన చేయి అక్కడేమీ దొరకక బయటికి వచ్చింది. దానికి ఏదో ఒక పని కల్పించాలి కదా. వంటల పుస్తకాన్ని మెల్లగా బయటికి లాగి, నిఘంటువు రెండో సంపుటాన్ని మొదటిదాని పక్కకు జరిపాను. పుస్తకం బరువైనది. చెక్క మీద చప్పుడైంది.

"ఏం చేస్తున్నారక్కడ?" కింద నుంచి కేక.

"దుమ్ము దులుపుతున్నాను," అన్నాను.